తొట్టిలో వెయ్యని రీలు

మద్రాసు గోడల మీద ఒకప్పుడు నిలువెత్తు బొమ్మై నిలిచిన మనిషి పటాన్‌చెరులో బస్సు దిగితే పలకరించిన వాడు లేడు. నటుడూ దర్శకుడూ అయిన అరుణగిరి ఒక చేతిసంచితో, ఎండకు కళ్ళు చికిలించుకుంటూ, బొంబాయి రోడ్డు పక్కన నిలబడ్డాడని పోయిన వారం చెప్పుకున్నాం. తను సొంతంగా తీసిన ఒకే ఒక్క సినిమా కోసం వచ్చాడనీ చెప్పుకున్నాం. దాని నెగిటివు మద్రాసు ల్యాబులో చెమ్మకు కుళ్ళిపోయింది. తమిళ ప్రింట్లు ఏమయ్యాయో ఎవరికీ తెలియదు. తెలుగు మాటలు పెట్టిన ప్రింటు ఒకటి నైజాం ఊళ్ళలో డేరా టాకీసుల వెంట ఏళ్ళ తరబడి తిరిగి, ఇక ఎవరూ చూడకపోయేసరికి తూకానికి అమ్ముడై, పాత ఫిలిం కడిగి వెండి తీసే ఈ షెడ్డుకు చేరిందని సికింద్రాబాదులో తెలిసింది. షెడ్డు రేకు గేటు మీద అతడు చెయ్యి వేసిన చోట కథ ఆగింది.

గేటు తోశాడు. ముక్కుపుటాలు మండించే కాస్టిక్ సోడా వాసన మొహాన కొట్టింది.

"రండి రండి, ఎవరండీ తమరు?" అంటూ బల్ల వెనక నుంచి లేచాడు షెడ్డు యజమాని నరసరాజు. భీమవరం దిక్కు మనిషి. పెద్ద ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనికని వచ్చి, ఇక్కడే స్థలం కొని రేకులు వేసుకున్నాడు. అతడి తల వెనక గోడ మీద 'మాటలు తక్కువ, పని ఎక్కువ' అని కొత్తగా రాయించిన ఎర్రటి అక్షరాలకు ఇంకా రంగు వాసన పోలేదు. ఆ అక్షరాలకూ నరసరాజు నోటికీ సంబంధం లేదు.

"అయ్యబాబోయ్! తమరు ఆఖర్న వచ్చే పోలీసాఫీసరు కదండీ? మా భీమవరంలో చూశానండీ తమర్ని. అందరూ కొట్టుకు చచ్చాక టోపీ పెట్టుకుని వస్తారు. ఏవే కాఫీ!" అని లోపలికి కేకేసి, కాఫీ ఇచ్చేవాళ్ళెవరూ లేరని గుర్తొచ్చి తనే నవ్వుకున్నాడు.

అరుణగిరి కూడా నవ్వాడు. పదేళ్ళుగా అదే వేషం. అంతకు ముందు మోసగాడి వేషాలు, వాటికీ ముందు కుంభకోణంలో పిల్లల నాటక కంపెనీలో ఆడ వేషాలు. వయసుతో గొంతు మారిన రోజున నాటకం నేర్పే వాత్యారు ఆ చీర విప్పించి తెర లాగే తాడు చేతికిచ్చాడు. ఆ తాడు పట్టుకునే మద్రాసు వచ్చాడు, స్టూడియో నేల ఊడ్చాడు, మాటలు రాశాడు, ఇతరుల డబ్బుతో ఇతరుల కథలు తీసి పేరు తెచ్చుకున్నాడు. ఇప్పుడు ఆ ఆఖరి పోలీసు టోపీ కూడా ఎవరూ ఇవ్వడం లేదు.

సినిమా పేరు చెప్పాడు. తెలుగులో దానికి 'వేషం తీసిన తరువాత' అని పేరు పెట్టారు.

నరసరాజు నొసలు ముడిచి, తలకాయ గోక్కుని, తోడుకొని పోయి చూపించాడు. పొగలు కక్కే సిమెంటు తొట్లు. తొట్టిలో చుట్టలు చుట్టలుగా ఫిలిం నానుతోంది. నల్లటి పొర మెత్తబడగానే ఆడవాళ్ళు చేతులకు రబ్బరు గుడ్డలు చుట్టుకుని, దాన్ని వేళ్ళతో ఒత్తి దూస్తున్నారు. నలుపంతా నీళ్ళలోకి దిగి అడుగున బురదలా పేరుకుంటుంది. ఆ బురదలో వెండి ఉంది. మిగిలిన తెల్లటి పట్టీలను తీగల మీద ఆరేస్తారు. వాటిని గాజులు చేసేవాళ్ళు కొనుక్కుపోతారు.

"తమరి సినిమా వచ్చిందండీ. డబ్బాల మీద పేరు చూశాను. పోయినేడాది ముందటి సంగతి." నరసరాజు గొంతు కొంచెం తగ్గింది. "ఎప్పుడో కడిగేశామండీ. ఏం చేస్తాం? తమరు సినిమాలోనూ ఆలస్యంగానే వస్తారు, ఇక్కడా అంతే."

హాస్యానికే అన్నాడు. అని, ఎదుటి మొహం చూసి నాలిక కరుచుకున్నాడు.

అరుణగిరి తీగ మీది పట్టీ ఒకటి పట్టుకుని చూశాడు. గాజు పలకలా ఉంది. అవతల పక్క తన వేళ్ళే కనిపించాయి. అది తన సినిమా కాదు, ఎవరిదో. అయినా వదలబుద్ధి కాలేదు. పగలూ రాత్రీ దీపాల కింద నిలబడి, అరిచి, బతిమాలి, ఏడిపించి, ఏడ్చి చేసిన పని ఇంత శుభ్రంగా పోతుందని అతడికి తెలియదు.

"ఒక్క రీలయినా మిగల్లేదా అండి? చివరి దానికి ముందు రీలు. అందులో నేను యేసు వేషంలో ఉంటాను. తలమీద ముళ్ళ కిరీటం."

తొట్టి దగ్గర దూస్తున్న చేతులు ఆగాయి. నలభై దాటిన మనిషి. బొట్టు లేదు, మెడలో నల్లదారం లేదు, కొంగు నడుముకు బిగించి ఉంది. తల తిప్పి అతడి మొహంకేసి చాలాసేపు చూసింది.

"గడ్డం లేదు గని, గా ముక్కు గట్లనే ఉన్నది," అంది తనలో తాను. తరువాత గట్టిగా అడిగింది. "గా ముళ్ళ కిరీటం బొమ్మ నీదేనా సారూ?"

"ఏవిటి మార్తమ్మా, నువ్వెక్కడ చూశావ్?" అన్నాడు నరసరాజు.

"గది తొట్లె ఎయ్యలే సేటూ. మా ఆయన ఇంటికి తెచ్చిండు."

"నా సరుకు ఎత్తుకుపోయాడా బర్నబా! చచ్చి ఏ లోకాన ఉన్నాడో గానీ..."

"నీకు తూకం కనవడ్తది, మాకు బొమ్మ కనవడ్తది. ప్రభువును పట్టుకపోయి ఉడుకు నీళ్ళల్ల ముంచుమంటే ముంచుతమా? గాయిన రెండు దినాల కూలి నువ్వు పట్టుకున్నవు గద, అండ్ల కోసుకో."

నరసరాజు నోరు తెరిచి, మళ్ళీ మూశాడు. ఆ గోడ మీది రాతకు అప్పుడు మాత్రమే లోబడ్డాడు.

అరుణగిరి చేతిలోని పట్టీని వదిలేశాడు. రీలు ఉంది. వచ్చిన దారంతా లేదనే అనుకుంటూ వచ్చాడు. అన్నీ పోయినా పరవాలేదు, ఆ ఒక్కటి చాలు. నిజం చెప్పాలంటే అతడు వచ్చింది సినిమా కోసం కాదు, ఆ ఒక్క రీలు కోసం. అందులోనూ ఆఖరి ముక్క కోసం.

మార్తమ్మ పని దిగాక ఆమె వెంట వాళ్ళ ఊరు లక్డారం దారి పట్టాడు. కొంత దూరం బస్సు, తరువాత నడక. కోసిన జొన్నచేలలో మోళ్ళు ఎండకు తెల్లబడి ఉన్నాయి. మార్తమ్మ ముందు నడుస్తోంది. వెనక నడుస్తుంటే అతడికి ఆ ముక్క మళ్ళీ కళ్ళ ముందుకు వచ్చింది.

కథలో అతడొక తాగుబోతు నాటకాల మనిషి. వేషం వేసుకున్నంతసేపూ మనిషిలా ఉంటాడు, తీస్తే పనికిరాడు. ఒక ఊళ్ళో శుభశుక్రవారం నాటకంలో యేసు వేషం కడతాడు. సిలువ మీద అతడు తల వాలిస్తే ఊరు ఊరంతా గుండెలు బాదుకుంటుంది. తెర పడుతుంది. తెర వెనక, ముళ్ళ కిరీటం నెత్తిన అలాగే ఉండగా, సిలువ దిగి బూతులు తిడుతూ బీడీ అడుగుతాడు. మరియ వేషంలో ఉన్న ఆడమనిషి బీడీ అంటిస్తుంది. అంతే, రీలు అయిపోతుంది.

ఆ మరియ వేషానికి కుదిరిన అమ్మాయి సెట్టు మీదకు వచ్చి, విషయం విని, "దేవుడికి బీడీ అంటించను సార్" అని మేకప్పు తుడుచుకుని వెళ్ళిపోయింది. పొద్దు వాలుతోంది. అన్నం క్యారియరు తెచ్చిన అమృతం చెట్టు కింద కూర్చుని ఉంది. అమృతం అతడి భార్య. సినిమా అంటే గిట్టని మనిషి. అతడు ఏమీ అడగలేదు. ఆమే లేచి వచ్చి తలమీద ముసుగు వేసుకుని నిలబడింది. గాలికి మొదటి అగ్గిపుల్ల ఆరిపోయింది. రెండోదీ ఆరిపోయింది. అప్పుడు ఆమెకు నవ్వొచ్చింది. అది కథలో లేని నవ్వు. కెమెరా తిరుగుతూనే ఉంది.

అమృతం పోయి చాలా కాలమైంది. ఇంట్లో పెళ్ళి ఫోటో ఉంది. అందులో ఆమె కొయ్యబొమ్మలా నిలబడి ఉంటుంది. నవ్వే అమృతం ఆ రీలులో తప్ప ఎక్కడా లేదు. నవ్వినప్పుడు పక్క పన్ను ఒకటి మీదికెక్కి కనిపించేది. కుడివైపో ఎడమవైపో, ఈ మధ్య అతడికి గుర్తు రావడం లేదు. అది గుర్తు రాని రాత్రి లేచి కూర్చుని, తెల్లవారగానే రైలు టిక్కెట్టు కొనుక్కున్నాడు.

"ఇంటికా అమ్మా?" అన్నాడు, ఊరి గుడిసెలు దాటిపోతుంటే.

"ఇంట్ల లేదు సారూ."

"మరి?"

ఆమె అతణ్ణి పెంకులు కప్పిన ఏసు గుడి పక్కగా తీసుకుపోయింది. గుడి అరుగు మీద ఒక పెద్దాయన కూర్చుని ఈత మట్టలను ఏరి కట్టలు కడుతున్నాడు. వచ్చే ఆదివారం మట్టలాదివారం, ఈస్టరుకు ముందటిది, పిల్లలు పట్టుకుని ఊరేగుతారు. సంఘపెద్ద దేవసహాయం అతడే. మార్తమ్మ సంగతి చెప్పింది. ఆయన లేచి, పంచె దులుపుకుని, వచ్చిన మనిషిని పైనుంచి కిందికి చూశాడు.

"వందనాలయ్యా. నువ్వేనా ఏసయ్య ఏషం కట్టింది?"

"నేనేనండి."

"దా మరి, సూపిస్త."

ఆయన తీసుకుపోయింది ఊరి అంచున ఉన్న సమాధుల తోటకు. తోట అన్న మాటే గాని చెట్టు లేదు. రాళ్ళూ, సున్నం కొట్టిన సిలువలూ. ఒక మూల మట్టి ఇంకా నేలతో కలవని ఒక దిబ్బ దగ్గర మార్తమ్మ ఆగింది. చెప్పులు పక్కకు విడిచింది.

"గిండ్లనే ఉన్నది," అంది.

అరుణగిరికి ముందు అర్థం కాలేదు. అర్థమైన తరువాత కూర్చోవాలనిపించింది, కానీ అక్కడున్న ప్రతి రాయీ ఎవరిదో ఒకరి సమాధే.

దేవసహాయం నెమ్మదిగా చెప్పాడు. "మా దిక్కు ఒక పద్ధతి ఉన్నదయ్యా. పాతవడ్డ బైబిలును పారెయ్యం, కాల్చం. బజారుల పొట్లాలు కట్టేటోనికి ఇయ్యం. ఎవరన్న ప్రభువు కాడికి పోతే ఆళ్ళ తలకింద పెట్టి సాగనంపుతం. వాక్యం మట్టిల ఉంటది, మనిషి దాని మీద పండుకుంటడు, కడవరి దినాన ఇద్దరు లేస్తరు."

"మా బర్నబా సైకిల్ మీద డ్యూటీకి పోయి ఇంటికొస్తుంటె బొంబాయి రోడ్డు మీద లారీ గుద్దింది," అంది మార్తమ్మ. అంతకు మించి దాన్ని గురించి ఏమీ చెప్పలేదు. "మా ఇంట్ల బైబిలు కొత్తది. కొత్తది ఎట్ల పెడ్తం? గా రీలు గూట్ల ఉండె. సూసుకునేతందుకు మాకు మిషినీ లేదాయె. పారేద్దమంటే ప్రభువు మొకమాయె. గాయిన తెచ్చిన ప్రభువు గాయిన ఎంటనే పోనీ అనుకున్న. డబ్బ గుండ్రం గద, పెట్టెల పట్టలే. పెట్టె మీద, తల దిక్కు పెట్టి మన్ను పోసినం."

గాలి వీచింది. మట్టి మీద ఎండుగడ్డి పరకలు కదిలాయి. ఆ మట్టి కింద అమృతం నవ్వుతోంది.

"అయ్యా," అన్నాడు అరుణగిరి. "ఆ రీలు నాకు కావాలి. దాని కోసమే వచ్చాను. మీరు ఏం చెయ్యమంటే అది చేస్తాను."

దేవసహాయం గడ్డం నిమురుకున్నాడు. "నువ్వు మద్రాసు సంది వచ్చినవు, నాకు ఎర్కనే. కాని జెర ఆలోచించు. గది ప్రభువు బొమ్మ అని పెట్టినం. నిజంగ ప్రభువు కథ అయితే సమాధి మీద చెయ్యి ఎయ్యనియ్య. ఉత్త ఆటబొమ్మ అయితే మాకెందుకు? తవ్వి నీ చేతుల పెడ్త. పాస్టరు అయ్యగారికి నేను చెప్పుకుంట. నీ నోటితోని నువ్వు చెప్పు, ఏందది?"

అంత సులువుగా ఉంది. ఉన్నది ఉన్నట్టు చెబితే చాలు. వాడు తాగుబోతు, అది నాటకం, సిలువ అట్టముక్కలతో చేసింది, కిరీటంలో ముళ్ళు రబ్బరువి. ఆఖర్న బీడీ. చెబితే సాయంత్రం బస్సుకు రీలు సంచిలో పెట్టుకుని పోవచ్చు. మద్రాసులో ఏ ల్యాబు వాడి కాళ్ళు పట్టుకునయినా ఒక్కసారి వేయించుకుంటాడు. పన్ను ఏ వైపో తెలుస్తుంది.

నోరు తెరిచాడు. అప్పుడు మార్తమ్మ అడ్డం వచ్చింది.

"ఒక్క మాట సారూ. మేము మూరెడే సూసినం. ఎండకు పట్టుకుని గాయినా నేనూ మూరెడు సూసినం, కిరీటం ఉన్నది, సిలువ ఉన్నది, మంది ఏడుస్తున్నరు. మిగిలిందంత చుట్టల ఉండె, విప్పితే మల్ల చుట్టరాదని గాయిన ముట్టుకోనియ్యలే. గాయిన పోయినప్పటి సంది నాకు ఒకటే తండ్లాట. చివరికి ఏమైతది సారూ? లేస్తడా?"

అరుణగిరి ఆమె మొహం చూశాడు. కాస్టిక్ నీళ్ళకు వేళ్ళ చివర్లు తెల్లగా పాలిపోయిన చేతులు రెండూ కొంగులో ముడుచుకుని ఉంది. చిన్నప్పుడు తెర తాడు పట్టుకుని పక్కన నిలబడి, తెర అంచు సందులోంచి అతడు ఎన్నో మొహాలు చూశాడు. తరువాత ఏమవుతుందో తెలియక ముందుకు వంగి కూర్చున్న మొహాలు. ఆ మొహాల కోసమే ఇన్నేళ్ళు బతికాడు. ఇన్నేళ్ళలో ఇలాంటిది ఒక్కటీ చూడలేదు.

వాడు లేవడు. ఆ రీలులో ఎవరూ లేవరు. ఆ సంగతి తీసినవాడికి తెలియదా?

అమృతం నవ్వు ఒక్కసారి కళ్ళ ముందు నిలబడి, మాసిపోయింది. పోనీ అనుకున్నాడు. మట్టి కింద ఉన్నా ఉన్నట్టే కదా. తొట్టిలో కడిగిన దానికంటే నయం. ఆమెనూ అలా మట్టికి ఒప్పగించేశాడు, అక్కడే, ఆ ఎండలో. తరువాత తన జీవితంలోకల్లా బాగా పలికిన మాట పలికాడు. కెమెరా లేదు, దీపం లేదు.

"లేస్తాడమ్మా," అన్నాడు. "మూడో రోజు పొద్దున రాయి దొర్లిపోయి ఉంటుంది. లేస్తాడు."

మార్తమ్మ ఏడుస్తుందనుకున్నాడు. ఏడవలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, దిబ్బ మీద అరచెయ్యి ఆన్చింది. అరుణగిరి చేతిసంచి భుజానికి తగిలించుకున్నాడు. ఇక పోవడమే. ఎక్కడికో తెలియదు గాని పోవడమే.

"పెద్దయ్యా," అంది మార్తమ్మ, తల ఎత్తకుండానే.

"ఏందమ్మా?"

"లేసేటోన్ని మట్టిల ఎందుకు ఉంచుడు? తియ్యిండ్రి."

అరుణగిరి ఆగిపోయాడు.

"గిప్పుడే తియ్యిండ్రి, ఈస్టరు పండుగకు అక్కరకొస్తది. సంగారెడ్డిల డేరా టాకీసు ఆయన మిషినీ తెమ్మంటె తేడా? గుడి గోడకు తెల్ల గుడ్డ కట్టి ఊరంతటికి సూపెడుదాం. పిల్లలకు గూడ. రాయి దొర్లుడు, ప్రభువు లేసుడు అందరం సూస్తం. గాయిన తెచ్చింది ఉత్తగ పోవద్దు."

దేవసహాయం మొహం వెలిగిపోయింది. అంత వయసు మనిషి మొహంలో అంత వెలుగు చూసి అరుణగిరికి భయమేసింది. "మంచి మాట అన్నవు బిడ్డా. ఎన్ని ఏండ్ల సంది చెప్పుకుంట వస్తున్నం, ఎవడన్న కండ్లతోని సూసిండా?" ఆయన అరుణగిరి చెయ్యి పట్టుకున్నాడు. మొద్దుబారిన, వెచ్చటి చెయ్యి. "నువ్వు యాడికి పోకు. గప్పటిదాంక మా ఇంట్లనే ఉండు. నీ పక్కన కూసుండి సూస్త."

"వద్దండి," అన్నాడు అరుణగిరి. "సమాధి... తవ్వకండి. పాపం. వద్దమ్మా."

"పరేషాన్ గాకు సారూ," అంది మార్తమ్మ లేస్తూ. మొదటిసారి ఆమె మొహంలో నవ్వు లాంటిది కనిపించింది. "బర్నబా ఏమనడు. గాయినకు సినిమా అంటే పానం."

దేవసహాయం గబగబా గుడి వెనకకు పోయి గడ్డపార తెచ్చాడు. తలగుడ్డ తీసి, కళ్ళు మూసుకుని, ఒక చిన్న ప్రార్థన చేశాడు. ఆమెన్ అన్నది మార్తమ్మ ఒక్కతే. గడ్డపార తల దిక్కున మట్టిలో దిగింది. కొంత లోతుకు పోయాక రేకు మీద పడినట్టు ఖంగుమంది.

కత్తెర వేసి ఆ చివరి ముక్క తీసేస్తే, సిలువ మీద చచ్చిన మనిషితో రీలు ఆగిపోతుంది. తియ్యకపోతే, పండుగ నాడు, ఊరంతా చూస్తుండగా, తెల్ల గుడ్డ మీద ముళ్ళ కిరీటం కిందికి దిగుతుంది, బూతులు తిడుతుంది, బీడీ అడుగుతుంది. గాలికి ఒక పుల్ల ఆరిపోతుంది. రెండోదీ ఆరిపోతుంది. అమృతం నవ్వుతుంది.

మూడోది ఆరదు.